నావూ: ఏడేళ్ళ నగరం

1838 అక్టోబర్ 27న మిస్సోరీ గవర్నర్ లిల్బర్న్ బాగ్స్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. మార్మన్లను శత్రువులుగా చూడాలి, రాష్ట్రం నుంచి తరిమెయ్యాలి, లేదా నిర్మూలించాలి అని అందులో ఉంది. ఆ మాటను మెత్తగా చుట్టి చెప్పే ప్రయత్నం కూడా చెయ్యలేదు. మూడు రోజులకు హాన్స్ మిల్ అనే చిన్న పల్లె మీద సాయుధులు విరుచుకుపడి పదిహేడుమందిని చంపారు. చచ్చిపోయినవాళ్ళలో పిల్లలూ ఉన్నారు. బాగ్స్ ఉత్తర్వును మిస్సోరీ రద్దు చేసుకున్నది 1976లో.

ఎవరీ మార్మన్లు? న్యూయార్క్ రాష్ట్రపు పడమటి పల్లెల్లో పెరిగిన జోసెఫ్ స్మిత్ అనే బీద రైతు కొడుకు, తనకు దైవదర్శనమైందన్నాడు. బంగారు రేకుల మీది ప్రాచీన గ్రంథాన్ని దైవశక్తితో చదివి ఇంగ్లీషులో చెప్పి రాయించానన్నాడు. 1830లో ఆ గ్రంథాన్ని అచ్చువేసి, ఇరవై నాలుగేళ్ళ వయసులో ఒక సంఘం స్థాపించాడు. హైదరాబాదులో, విశాఖపట్నంలో, రాజమండ్రిలో 'కడవరి దిన పరిశుద్ధులు' అన్న పేరుతో ఆదివారాలు కూడుకునే తెలుగు కుటుంబాలకు ఈ కథ కొత్తది కాదు. మిగతావాళ్ళం దాన్ని నమ్మినా నమ్మకపోయినా, నమ్మినవాళ్ళు ఆ నమ్మకానికి కట్టిన ధర మాత్రం నిజం. ఒహాయోలోని కర్ట్‌లాండ్‌లో ఒక దేవాలయం కట్టారు. వాళ్ళు పెట్టిన బ్యాంకు 1837లో మునిగింది, ఊరు చీలిపోయింది. మిస్సోరీలో ఒక కౌంటీ నుంచి ఇంకో కౌంటీకి, అక్కడినుంచి మరో కౌంటీకి తరిమారు. చివరికి ఈ ఉత్తర్వు.

ఆ చలికాలమంతా వేలమంది తూర్పుకు నడిచి, మిసిసిపీ నది దాటి ఇల్లినాయ్‌లోని క్విన్సీ పట్టణం చేరారు. ఊరి జనాభా కంటే వచ్చిపడినవాళ్ళే ఎక్కువ. అయినా క్విన్సీ జనం తలుపులు తీశారు, తిండి పెట్టారు, పని చూపించారు. తర్వాత జరిగినదంతా తలుచుకున్నప్పుడు ఈ క్విన్సీని మర్చిపోకూడదు. ఇదే ఇల్లినాయ్ ఏడేళ్ళకు వాళ్ళను మళ్ళీ అదే నది దాటించింది, ఈసారి పడమటికి.

జోసెఫ్ ఆ శీతాకాలం మిస్సోరీలోని లిబర్టీ జైలు నేలమాళిగలో గడిపాడు. 1839 ఏప్రిల్‌లో బయటపడి వచ్చేసరికి, క్విన్సీకి ఎగువన నది పెద్ద ఒంపు తిరిగే చోట భూమి బేరానికి ఉందని తెలిసింది. మూడు వైపులా నీళ్ళు. దిగువన డెమొయిన్ రాపిడ్స్ అనే రాతి మెట్ల ప్రవాహం. స్టీమర్లు అక్కడ ఆగి సరుకు దించుకోవాలి కనుక ఊరు పెరిగి తీరుతుందని అంతకుముందే కొందరు ఆశపడ్డారు. ఆ ఆశతోనే దానికి కామర్స్ అని పేరు పెట్టారు. వ్యాపారం రాలేదు. కొన్ని ఇళ్ళు, గుట్ట కింద బురద నేల, దోమలు మిగిలాయి. అందుకే ఇరవై ఏళ్ళ వాయిదాల మీద అప్పుకు ఇవ్వడానికి యజమానులు ఒప్పుకున్నారు. చేతిలో డబ్బులేనివాళ్ళకు దొరికేది ఎవరికీ అక్కర్లేని నేలే కదా.

జోసెఫ్ దానికి నావూ అని పేరు పెట్టాడు. యెషయా గ్రంథంలోని హీబ్రూ మాట, అందమైనది అని అర్థం. మొదటి వేసవిలో అక్కడ అందం లేదు, చలిజ్వరం ఉంది. నది ఒడ్డున గుడారాల్లో, బండ్ల కింద, జోసెఫ్ ఇంటి వాకిట్లో వరుసగా జనం వణుకుతూ పడుకున్నారు. జూలై 22న తానే జ్వరంతో పడి ఉన్న జోసెఫ్ లేచి, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి లెమ్మన్నాడనీ, చాలామంది లేచారనీ భక్తుల జ్ఞాపకం. లేవనివాళ్ళనూ ఆ ఒడ్డునే పూడ్చిపెట్టారు.

సెప్టెంబరులో బ్రిగమ్ యంగ్, హీబర్ కింబల్ అనే ఇద్దరు అపొస్తలులు మతప్రచారానికి ఇంగ్లండు బయల్దేరారు. ఇద్దరికీ జ్వరమే, ఇంట్లో భార్యాబిడ్డలకూ జ్వరమే. బండి కదిలాక ఇలా ఏడుస్తూ పోతే ఎలాగని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచి నిలబడి, టోపీలు ఊపుతూ జయజయధ్వానం చేశారట. మంచం దిగి గడప దాకా వచ్చిన భార్యలు వాళ్ళకు బదులు పలికారు. ఈ దృశ్యం నాకు ఒకేసారి గొప్పగానూ, కోపం తెప్పించేదిగానూ ఉంటుంది. పంటలేదు, ఇల్లులేదు, మగవాడు సముద్రం దాటిపోతున్నాడు. గడప దగ్గర నిలబడి 'జయం' అన్న ఆ ఆడవాళ్ళ లెక్క ఎవరు కట్టారు?

అయితే ఊరిని నిలబెట్టింది ఆ ప్రయాణమే. ఇంగ్లండులో ప్రెస్టన్, మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లు కూలీలు, కుండల పనివాళ్ళు, చిన్న రైతులు వేల సంఖ్యలో బాప్తిస్మం తీసుకున్నారు. 1840 నుంచి లివర్‌పూల్‌లో ఓడ ఎక్కి న్యూ ఆర్లియన్స్‌లో దిగి, స్టీమరులో మిసిసిపీ మీద ఎదురీది నావూ రేవులో దిగేవాళ్ళు. 1843లో జేన్ మానింగ్ అనే నల్లజాతి యువతి కనెక్టికట్ నుంచి కుటుంబంతో బయల్దేరింది. దారిలో పడవ ఎక్కనివ్వలేదు. మిగిలిన వందల మైళ్ళు నడిచారు. చెప్పులు అరిగిపోయి కాళ్ళు పగిలి, వేసిన అడుగులో నెత్తురు కనిపించేదని ఆమే తర్వాత చెప్పుకుంది. ఆమెకు జోసెఫ్, ఆయన భార్య ఎమ్మాల ఇంట్లో పనీ, చోటూ దొరికాయి.

బురదకు కాలువ తవ్వి నీళ్ళు నదిలోకి మళ్ళించారు. పట్నాన్ని చదరాలుగా గీసి, నాలుగెకరాల చదరంలో నాలుగు ఇళ్ళు, ప్రతి ఇంటికీ చుట్టూ తోట అని పంచారు. మొదట దుంగల ఇళ్ళు, తర్వాత పలకల ఇళ్ళు, ఆపైన ఎర్ర ఇటుక మేడలు లేచాయి. ఐదేళ్ళు తిరిగేసరికి జనాభా పదకొండు పన్నెండు వేలు. ఆ రోజుల్లో షికాగో కూడా ఇంచుమించు అంతే.

ఇంకోసారి తరిమించుకోకూడదు అన్నది వాళ్ళ మొదటి పట్టుదల. మిస్సోరీలో కోర్టులు కాపాడలేదు, గవర్నరు కాపాడలేదు, సైన్యం కాపాడకపోగా చుట్టుముట్టింది. కనుక ఈసారి కోర్టూ సైన్యమూ తమవే కావాలనుకున్నారు. జాన్ బెన్నెట్ అనే వైద్యుడు, మాటకారి, అప్పుడే బాప్తిస్మం తీసుకున్న కొత్త నమ్మకస్తుడు, రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళి చక్రం తిప్పాడు. విగ్ పార్టీకీ డెమోక్రాట్లకూ మార్మన్ల ఓట్లు కావాలి. 1840 డిసెంబరులో నగర చార్టర్ దాదాపు చర్చే లేకుండా గట్టెక్కింది. అబ్రహాం లింకన్ అప్పుడు ఆ శాసనసభలో సభ్యుడే. చార్టర్‌తో నావూకు సొంత మునిసిపల్ కోర్టు, విశ్వవిద్యాలయం పెట్టుకునే హక్కు, నావూ లీజియన్ అనే సొంత మిలీషియా వచ్చాయి. బెన్నెట్ మొదటి మేయరు. జోసెఫ్ లీజియన్‌కు లెఫ్టినెంట్ జనరల్. తర్వాత మేయరూ ఆయనే, మునిసిపల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తీ ఆయనే, ప్రవక్త ఎటూ ఆయనే.

ఇల్లినాయ్‌లో మరికొన్ని ఊళ్ళకూ ఇలాంటి చార్టర్లున్నాయి, నిజమే. కానీ ఒక్క మనిషి ఇన్ని కుర్చీల్లో కూర్చున్న ఊరు ఇంకోటి లేదు. 1842లో మిస్సోరీలో బాగ్స్ మీద ఎవరో కాల్పులు జరిపారు. అతను బతికాడు, అనుమానం మార్మన్ల మీదికి పోయింది. మిస్సోరీ వాళ్ళు జోసెఫ్‌ను అప్పగించమన్నప్పుడల్లా హెబియస్ కార్పస్ రిట్టు అడ్డం నిలిచింది. 1843 వేసవిలో ఆయన్ను డిక్సన్ దగ్గర పట్టుకుంటే, నావూ కోర్టే విచారించి విడిపించింది. ఆ గొడవలో ఆయన తరఫున వాదించిన సైరస్ వాకర్ విగ్ పార్టీ కాంగ్రెస్ అభ్యర్థి. తన ఓటు వాకర్‌కే అని జోసెఫ్ మాటిచ్చాడు. పోలింగుకు ముందు అన్న హైరమ్ డెమోక్రాట్‌కు వెయ్యమని తనకు దైవప్రేరణ కలిగిందన్నాడు. జోసెఫ్ తన ఒక్క ఓటూ వాకర్‌కే వేశాడు, ఊరు డెమోక్రాట్‌కు వేసింది, వాకర్ ఓడాడు. ఆ రోజుతో విగ్గులు పగవాళ్ళయ్యారు. గెలిచిన డెమోక్రాట్లు మాత్రం నమ్మారా? ఇవాళ మనవైపు తిరిగిన గాలి రేపు ఎటు తిరుగుతుందో అనుకున్నారు. దిగువనున్న వార్సా పట్టణంలో థామస్ షార్ప్ అనే సంపాదకుడు తన పత్రికలో వారం వారం నిప్పు రాజేస్తూనే ఉన్నాడు. కాపాడుతుందని వేసుకున్న కంచె చేను మెయ్యడం మొదలుపెట్టింది.

ఊరి నడుమ గుట్ట మీద దేవాలయం లేస్తోంది. 1841 ఏప్రిల్ 6న పునాదిరాయి వేశారు. పొడవు 128 అడుగులు, వెడల్పు 88. సున్నపురాయి ఊళ్ళోని గనిలోదే. కలప విస్కాన్సిన్ పైన్ అడవుల్లో కొట్టి, తెప్పలు కట్టి నది మీద దింపుకొచ్చారు. డబ్బు లేనివాళ్ళు పదిరోజులకు ఒకరోజు కూలి దశమభాగంగా ఇచ్చారు. అద్దాలకూ మేకులకూ ఆడవాళ్ళు వారానికో పెన్నీ చందా వేసుకున్నారు. చొక్కాల్లేని రాతిపనివాళ్ళకు చొక్కాలు కుట్టిపెడదామని సారా కింబల్, మార్గరెట్ కుక్ అనుకున్న మాటే పెరిగి, 1842 మార్చిలో జోసెఫ్ దుకాణం మేడ మీద ఎమ్మా అధ్యక్షతన రిలీఫ్ సొసైటీ అయింది. దేవాలయం గోడల చుట్టూ ముప్పై చదరపు స్తంభాలు. కింద చంద్రుడు, పైన మేఘాల్లోంచి తొంగిచూసే మనిషి ముఖపు సూర్యుడు, ఆ పైన నక్షత్రం చెక్కారు. లివర్‌పూల్ ఓడల్లో వచ్చినవాళ్ళలో రాతి ఉలి పట్టినవాళ్ళూ ఉన్నారు; వాళ్ళ చేతిపని ఇది.

అదే సమయంలో ఇంకొకటి గుట్టుగా నడుస్తోంది. బహుభార్యాత్వం దైవాజ్ఞ అని జోసెఫ్ నమ్మినవాళ్ళ చెవిలో చెప్పాడు, తానూ పాటించాడు, బయట కాదన్నాడు. ఆయన భార్యల సంఖ్య ముప్పై దాటుతుందని చరిత్రకారులంటారు. 2014లో సంఘమే ఆ మేరకు ఒప్పుకుంది. ఎమ్మాకు తెలిసినది ఎంత, తెలియనిది ఎంత, ఒప్పుకున్నది ఎన్ని రోజులు అన్నది వేరే కథ. రిలీఫ్ సొసైటీలో నీతి గురించి మాట్లాడే అధ్యక్షురాలి ముందు కూర్చున్న స్త్రీలలో కొందరు ఆమె సవతులు. 1842లో బెన్నెట్‌ను వెలివేశారు. అతను పత్రికలకెక్కి నిజమూ అబద్ధమూ కలిపి గుమ్మరించాడు. అతని మాట ఎవరైనా కొట్టిపారెయ్యవచ్చు. విలియం లా మాట అలా కాదు. కెనడా నుంచి వచ్చిన డబ్బున్న మిల్లు యజమాని, జోసెఫ్‌కు సలహాదారు, నమ్మిన మనిషి. ఆ గుట్టు భరించలేక, మతమూ రాజ్యమూ ఒకే చేతిలో ఉండటం భరించలేక ఎదురు తిరిగాడు. 1844 ఏప్రిల్‌లో వెలి. జూన్ 7న ఆయనా మరికొందరూ కలిసి 'నావూ ఎక్స్‌పాజిటర్' అనే పత్రిక తెచ్చారు. అప్పటికి జోసెఫ్ అమెరికా అధ్యక్ష పదవికి పోటీలో ఉన్నాడు; 1850 నాటికి ప్రభుత్వ భూములమ్మిన డబ్బుతో బానిసలను విడిపిస్తానని ఆయన ప్రణాళిక.

ఆ పత్రికకు రెండో సంచిక లేదు. నగరసభ కూడి, ఈ పత్రిక ప్రజలకు ఉపద్రవం అని తీర్మానించింది. జూన్ 10 సాయంత్రం మేయరు ఆజ్ఞ మీద లీజియన్ తోడుగా పోలీసులు వెళ్ళి, అచ్చుయంత్రాన్ని వీధిలోకి లాగి పగలగొట్టారు. అచ్చక్షరాలు మట్టిలో చల్లారు, కాగితాలు తగలబెట్టారు. మిస్సోరీ రోజుల్లో మార్మన్ల అచ్చుయంత్రాన్నే మూక ఇలా మేడ మీదినుంచి వీధిలోకి విసిరింది. ఆ దెబ్బ తిన్నవాళ్ళే ఈ పని చేశారు. జోసెఫ్ జీవితంలో తీసుకున్న నిర్ణయాలన్నిటిలోకీ ఇంత తెలివితక్కువది లేదని నాకనిపిస్తుంది. లా రాసినవాటిలో చాలావరకు నిజమే కావడం వల్లనే అంత తొందరపడ్డారేమో.

కౌంటీ కేంద్రం కార్తేజ్‌లో వారెంట్లు పుట్టాయి. జోసెఫ్ ఊళ్ళో సైనిక చట్టం విధించాడు, తర్వాత ఒక రాత్రి నది దాటి అయోవా ఒడ్డుకు పోయాడు. కాపరి మందను వదిలి పారిపోతాడా అన్న కబురు వెనకనుంచి వచ్చింది. తిరిగొచ్చాడు. కాపాడతానని గవర్నర్ థామస్ ఫోర్డ్ మాటిచ్చాడు. జూన్ 27న జోసెఫ్, హైరమ్, వాళ్ళ అనుచరులు జాన్ టేలర్, విల్లర్డ్ రిచర్డ్స్ కార్తేజ్ జైలు మేడ మీది పడకగదిలో ఉన్నారు. మాటిచ్చిన గవర్నరు నావూలో జనానికి హితబోధ చేస్తున్నాడు. కాపలాకు వదిలింది మార్మన్లంటే పళ్ళు కొరికే స్థానిక దళాన్ని. సాయంత్రం ఐదు దాటాక, ముఖాలకు మసి పూసుకున్న మూక మెట్లెక్కింది. తలుపు చీల్చుకొచ్చిన గుండుకు హైరమ్ పడిపోయాడు. దొంగచాటుగా అందిన చిన్న పిస్తోలుతో జోసెఫ్ వసారాలోకి కాల్చి, కిటికీ వైపు పరుగెత్తాడు. లోపలినుంచీ బయటినుంచీ తగిలిన గుండ్లతో కింద బావి పక్కన పడ్డాడు. వయసు ముప్పై ఎనిమిది. టేలర్ ఒళ్ళంతా గాయాలతో బతికాడు. రిచర్డ్స్‌కు గీత కూడా పెద్దగా పడలేదు.

మర్నాడు ఎండ తగలకుండా కొమ్మలు కప్పి శవాలను బండి మీద తెస్తే వేలమంది ఎదురొచ్చారు. శత్రువులు తవ్వుకుపోతారని భయపడి, ఇసుక నింపిన పెట్టెలను అందరి ముందూ పాతిపెట్టి, అసలు దేహాలను రాత్రివేళ ఇంకోచోట దాచారు. తల్లి లూసీ ఆ రోజు ఇద్దరు కొడుకులను చూసుకుంది. నెల తిరగ్గానే ఇంకో కొడుకు సామ్యూల్ కూడా పోయాడు. ఎమ్మా అప్పటికి గర్భవతి. నవంబరులో తండ్రి లేని కొడుకును కన్నది. హత్యకేసులో ఐదుగురిని విచారించారు, సంపాదకుడు షార్ప్‌తో సహా. 1845 మేలో ఐదుగురూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

ప్రవక్త పోతే ఊరు చెదిరిపోతుందని అందరూ అనుకున్నారు. ఆగస్టు 8న కూడిన సభ బ్రిగమ్ యంగ్ వెనక, పన్నెండుమంది అపొస్తలుల వెనక నిలబడింది. దేవాలయం పని ఆగకపోగా ఊపందుకుంది. 1845 జనవరిలో శాసనసభ చార్టర్‌ను రద్దుచేసింది. కోర్టు, పోలీసు, మిలీషియా అన్నీ ఒక్క దెబ్బతో చట్టం నీడ కోల్పోయాయి. సెప్టెంబరులో దక్షిణాన ఉన్న మార్లీ సెటిల్‌మెంట్‌తో మొదలై పొలాల్లోని ఇళ్ళు తగలబడ్డాయి. మూకలు ఇంట్లోవాళ్ళను బయటికి రమ్మని, కళ్ళముందే పైకప్పుకు నిప్పు పెట్టేవి. వంద ఇళ్ళకు పైగా పోయాయి. వసంతానికి ఊరు వదిలిపోతాం అని బ్రిగమ్ ఒప్పుకున్నాడు.

ఇక్కడినుంచి నావూ చేసినది లోకజ్ఞానానికి అందేది కాదు. 1845-46 చలికాలంలో ఊరు ఒక చేత్తో బండ్లు చేసింది, ఇంకో చేత్తో గుడి పూర్తిచేసింది. ప్రతి కొట్టమూ కమ్మరి కొలిమి అయింది, ప్రతి హాలూ వడ్రంగిశాల అయింది. పచ్చి కలప ఎండేదాకా ఆగే వ్యవధి లేక ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి చక్రాలకు వాడారు. తోటతో సహా ఇటుక ఇంటిని ఒక ఎడ్ల జతకో, ఒక బండికో ఇచ్చేసినవాళ్ళున్నారు. కొనేవాళ్ళకు తెలుసు, వసంతం దాకా ఆగితే ఊరికే దొరుకుతుందని. గుట్ట మీద మాత్రం రాతిపనివాళ్ళు, సున్నం కొట్టేవాళ్ళు, రంగులేసేవాళ్ళు పని దించలేదు. దేవాలయం అటకమీద గదిని కాన్వాసు తెరలతో విడదీసి, ఇళ్ళనుంచి తివాచీలు, కుర్చీలు, అద్దాలు మోసుకొచ్చి అలంకరించారు. డిసెంబరు 10 నుంచి రెండు నెలల్లో ఐదువేలమందికి పైగా అక్కడ పవిత్ర సంస్కారాలు పొందారు. ఫిబ్రవరి 3న, ఇక చాలు, రేపు బయల్దేరాలి అని బ్రిగమ్ జనాన్ని పొమ్మన్నాడు; ముందుకు మళ్ళీ దేవాలయాలు కట్టుకుంటాం అన్నాడు. కొంతదూరం నడిచి వెనక్కి చూస్తే ఒక్కరూ కదల్లేదు. వెనక్కొచ్చి ఆ రోజంతా వాళ్ళకు సంస్కారాలు చేశాడు.

ఫిబ్రవరి 4న మొదటి బండ్లు పడవలెక్కి మిసిసిపీ దాటాయి. నెలాఖరుకు నది గడ్డకట్టింది. కొందరు మంచు మీదే బండ్లు తోలారు. అవతల షుగర్ క్రీక్ శిబిరంలో, మంచులో, పిల్లలను కన్నవాళ్ళున్నారు. సగానికి పైగా ఊరు ఖాళీ అయ్యాక, మే 1న దేవాలయానికి బహిరంగ ప్రతిష్ఠ జరిగింది. ప్రతిష్ఠ చేసినవాళ్ళే ఆ తర్వాత బండ్లెక్కారు.

సెప్టెంబరుకు మిగిలింది రోగులు, ముసలివాళ్ళు, బండి కొనలేని పేదలు, మార్మన్ల ఇళ్ళు కొనుక్కుని వచ్చిన కొందరు కొత్తవాళ్ళు. వాళ్ళ మీదికి వందలాది సాయుధులు ఫిరంగులతో వచ్చారు. స్టీమరు ఇరుసులు కోసి ఫిరంగులుగా మార్చి నూరూ నూటయాభైమంది ఎదుర్కొన్నారు. ఊరి పక్షాన చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు తండ్రీకొడుకులు. సెప్టెంబరు 17న ఊరు లొంగింది. మంచం పట్టినవాళ్ళతో సహా వందలమందిని నదికి అవతల గట్టు మీద, గుడారాలు కూడా సరిగ్గా లేకుండా దించారు. అక్టోబర్ 9న ఎగిరి ఎగిరి అలసిన పూరేడు పిట్టలు ఆ శిబిరం మీద గుంపులుగా వాలాయి. చేతులతో పట్టుకుని వండుకు తిన్నారు. ఇశ్రాయేలీయుల కోసం ఎడారిలో వాలిన పూరేళ్ళు అందరికీ గుర్తొచ్చాయి.

ఆ రోజుల్లోనే థామస్ కేన్ అనే ఫిలడెల్ఫియా యువకుడు నావూలో కాలుపెట్టాడు. మనిషి అలికిడి లేదు. వడ్రంగి బల్ల మీద చిత్రిక పొట్టు తాజాగానే ఉంది, రాట్నాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, పండిన గోధుమ కోసే దిక్కులేక నేల రాలింది. దేవాలయంలో మాత్రం కాపలా మూక తాగి ఊగుతోంది. అతను 1850లో ఇచ్చిన ఉపన్యాసం చదివాక చాలామంది అమెరికన్లకు మొదటిసారి ఈ జనం మీద జాలి కలిగింది.

దేవాలయాన్ని 1848 అక్టోబరులో ఎవరో తగలబెట్టారు. ఎత్యెన్ కబే అనే ఫ్రెంచి ఆదర్శవాది వెంట వచ్చిన ఇకేరియన్లు ఆ గోడలు కొని, మళ్ళీ లేపుదామనుకున్నారు. 1850 మేలో సుడిగాలి కూల్చింది. సొంత ఆస్తి లేని సమాజం కడదామని వచ్చిన వాళ్ళు ఆ రాళ్ళతోనే బడి కట్టుకున్నారు, ఆరేడేళ్ళలో తమలో తాము కొట్లాడుకుని కబేనే వెళ్ళగొట్టారు. 1865 నాటికి చివరి గోడ ముక్కనూ పడగొట్టేశారు. సూర్యుడి రాయి ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

ఎమ్మా బండి ఎక్కలేదు. బ్రిగమ్‌తో ఆస్తి దగ్గర, బహుభార్యాత్వం దగ్గర ఆమెకు పొసగలేదు. మత్తుపానీయాలకు దూరంగా ఉండమన్న ప్రవక్త భార్య, 1847లో ఆ మతంతో సంబంధంలేని లూయిస్ బిడమన్‌ను పెళ్ళాడి, అత్తగారు లూసీని చివరిదాకా చూసుకుంటూ, ద్రాక్షతోటల ఊరుగా మారిన నావూలోనే 1879లో కన్నుమూసింది. పడమటికి వెళ్ళినవాళ్ళ నోట ఆమె పేరు చాలాకాలం నిందగానే వినిపించింది. ఆమె దాచిన ఆ రెండు దేహాలనూ, కియోకుక్ ఆనకట్ట వల్ల నది పెరుగుతోందన్న బెంగతో 1928లో వెతికి తీశారు. ఇప్పుడు ఆమె సమాధి వాళ్ళ పక్కనే ఉంది.

2002లో అదే గుట్ట మీద, అదే కొలతలతో, పడమటికి వెళ్ళి సాల్ట్‌లేక్‌లో స్థిరపడినవాళ్ళ సంఘం దేవాలయాన్ని మళ్ళీ కట్టింది. ప్రతిష్ఠకు జూన్ 27ను ఎంచుకుంది. రెండేళ్ళకు ఇల్లినాయ్ ప్రతినిధుల సభ 1846 వెళ్ళగొట్టుడుకు విచారం ప్రకటిస్తూ తీర్మానం చేసింది. ఊరి జనాభా ఇప్పుడు వెయ్యికి కాస్త తక్కువ. జోసెఫ్, ఎమ్మాల ఇళ్ళూ, ఆ ఎర్ర ఇటుక దుకాణమూ వాళ్ళ కొడుకు నడిపిన చీలిక సంఘం చేతిలో ఉండేవి. 2024 మార్చిలో ఆ సంఘం వాటిని, కర్ట్‌లాండ్ దేవాలయంతో, మరికొన్ని వస్తువులతో కలిపి సాల్ట్‌లేక్ వాళ్ళకు అమ్మింది. ధర 19 కోట్ల 25 లక్షల డాలర్లు.